మడమకి షాక్‌వేవ్, నడుముకి కైరోప్రాక్టిక్: రెండూ కలిపి చేయించుకోవచ్చా?

పరుగులపిచ్చి:

అందరికీ నమస్కారం. కుడి మడమ కింద నొప్పి మొదలై చాలా నెలలైంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే చురుక్కుమంటుంది, నాలుగడుగులు పడ్డాక సర్దుకుంటుంది, సాయంత్రం ఎక్కువసేపు నిలబడితే మళ్ళీ మొదటికొస్తుంది. డాక్టరు గారు నొక్కి చూసి ప్లాంటార్ ఫేషియైటిస్ అన్నారు, అంటే అరికాలి కింద ఉండే ఫేషియా అనే పట్టీ దెబ్బతినడమట. ఎక్స్‌రేలో మడమ ఎముకకి చిన్న ముల్లు కూడా కనబడింది. ఆ కాలి మీద బరువు పడకుండా వంకరగా నడిచి నడిచి ఇప్పుడు నడుము కూడా పట్టేసింది, వంగి బూట్ల లేసులు కట్టుకోవాలంటే ప్రాణం మీదకొస్తోంది.

తెలిసినవాళ్ళు చెప్పిన ఒక క్లినిక్‌కి వెళ్తే మడమకి షాక్‌వేవ్ (మిషన్‌తో చేసే చికిత్స), నడుముకి కైరోప్రాక్టిక్ (చేత్తో నొక్కి, తిప్పి వెన్ను కీళ్ళు కదిలించే చికిత్స), రెండూ కలిపి ప్యాకేజీ అన్నారు. కలిపి చేస్తే రెట్టింపు వేగంగా తగ్గుతుందట. డబ్బు మొత్తం ముందే కట్టాలట, అక్కడే కాస్త ఆగాను. ఇలా రెండూ చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఒకదానికి ఇంకోటి అడ్డం పడదా? షాక్ అంటే కరెంటు పెడతారా? ఆ ముల్లుని పగలగొడతారా?

గోడమీదపిల్లి:

రెట్టింపు వేగం అని ఎవరన్నా సరే, దేనికంటే రెట్టింపు అని అడగండి. జవాబు రాదు.

ఫిజియోఅక్క:

నేను ఫిజియోథెరపిస్టుని, ఈ మిషన్ రోజూ చేత్తో పట్టుకునే మనిషిని. కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిక పట్టండి.

కరెంటు ఒంట్లోకి పోదు. మిషన్ నుంచి వచ్చేవి ఒత్తిడి తరంగాలు. ఇది మొదట కిడ్నీ రాళ్ళ కోసం వచ్చిన విద్య. జర్మనీలో విమానాలు తయారుచేసే డోర్నియర్ కంపెనీవాళ్ళు, ధ్వని కంటే వేగంగా పోయే విమానానికి వాన చినుకులు తగిలితే లోహం ఎందుకు దెబ్బతింటోందని చూస్తూ చూస్తూ ఈ తరంగాల దగ్గరికొచ్చారు. 1980లో మ్యూనిక్‌లో మొదటిసారి ఒక రోగికి కోత లేకుండా కిడ్నీ రాయిని ముక్కలు చేశారు. ఎముకలు, టెండన్ల (కండరాన్ని ఎముకకి కట్టే తాళ్ళ) వైపు ఆ తర్వాత వచ్చింది, మొండి మడమ నొప్పికి ఒక షాక్‌వేవ్ మిషన్‌ని అమెరికాలో మందులు, వైద్య పరికరాలకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2000లో ఒప్పుకుంది.

ఈ కిడ్నీ రాయి కథ విన్నవాళ్ళంతా మడమ ముల్లు కూడా అలాగే పగులుతుందనుకుంటారు. పగలదు, పగలక్కర్లేదు కూడా. ముల్లు ఉండి నొప్పి లేనివాళ్ళు బోలెడుమంది, ముల్లు లేకుండా నొప్పితో అల్లాడేవాళ్ళూ అంతే. మీ నొప్పి ఫేషియా వెళ్ళి మడమ ఎముకకి అతుక్కునే చోట ఉంది. అక్కడి కణజాలం మానే పని మధ్యలో వదిలేసి కూర్చుంది. తరంగాల తాకిడికి అక్కడి కణాలు మళ్ళీ పని మొదలుపెడతాయని, కొత్త రక్తనాళాలు వస్తాయని, నొప్పి మోసే నరాల చివర్లు కొంత మొద్దుబారతాయని ప్రస్తుతం ఉన్న వివరణ. కాబట్టి ఇవాళ చేయించుకుంటే రేపటికి తగ్గిపోయేది కాదు. మామూలుగా వారానికోసారి చొప్పున 3 నుంచి 5 సిట్టింగులు, ఒక్కో సిట్టింగులో 2000 దాకా దెబ్బలు. అసలు మార్పు తెలిసేది 6 నుంచి 12 వారాల మధ్య. మధ్యలో ఏమీ తగ్గలేదే అని మానేసేవాళ్ళే ఎక్కువ.

కైరోప్రాక్టిక్ సంగతి వేరు, అది కీలు కదలిక మీద చేసే పని. తర్వాత రాస్తా, పేషెంట్ వచ్చారు.

మెటికలవీరుడు:

నేను నడుముకి కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తుంటాను. పట్టేసి వంగలేని స్థితిలో వెళ్ళి, టక్‌మని ఒక్క చప్పుడు వచ్చి, లేచి నిలబడితే ఆ తేలికదనం చెప్పలేను. పుస్తకాలు చదివి కొట్టిపారేసేవాళ్ళు ఒకసారి నడుము పట్టేసినప్పుడు మాట్లాడాలి. నా ఓటు రెండూ చేయించుకోండి అనే.

గోడమీదపిల్లి:

@మెటికలవీరుడు ఆ తేలికదనం నిజమే, ఎవరూ కాదనట్లేదు. కానీ ఆ చప్పుడు పక్కకి జరిగిన పూస మళ్ళీ చోటికి పోయిన చప్పుడు కాదు. మెటికలు విరిచినప్పుడు వచ్చేదే అది, కీలు మధ్య ద్రవంలో వాయువు ఖాళీ ఏర్పడటం. 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంవాళ్ళు వేళ్ళ మెటికలు విరుస్తూ ఎంఆర్‌ఐలో చూపించారు కూడా. పూస జరిగింది, నరం నొక్కుకుంది, దాన్ని సరిచేస్తే అన్ని రోగాలూ పోతాయి అనేది 1895 నాటి మాట. అమెరికాలో డావెన్‌పోర్ట్ అనే ఊళ్ళో డి.డి. పామర్ అనే ఆయన హార్వే లిల్లార్డ్ అనే అతని వెన్ను సరిచేస్తే వినికిడి తిరిగొచ్చిందని చెప్పుకోవడంతో ఈ వృత్తి మొదలైంది. ఇప్పటికీ ఎక్స్‌రే మీద గీతలు గీసి మీ వెన్ను వంకరైపోయింది, ఏడాదిపాటు రావాలి అని భయపెట్టేవాళ్ళు ఉన్నారు. నా గొడవంతా వాళ్ళతోనే.

ఫిజియోఅక్క:

గోడమీదపిల్లి గారు చెప్పింది చరిత్రగా నిజమే, అయితే ఇప్పుడు పద్ధతిగా పనిచేసే కైరోప్రాక్టర్లలో చాలామంది ఆ పాత సిద్ధాంతం పట్టుకుని లేరు. నడుము నొప్పి వరకు వెన్ను మానిప్యులేషన్‌కి, అంటే కీలుని చేత్తో చటుక్కున కదిలించడానికి, ఆధారం ఉంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన సూచనల్లో మందులకంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో అదీ ఒకటి. బ్రిటన్‌లో చికిత్సా సూచనలిచ్చే నైస్ అనే సంస్థ 2016లో ఇంకో షరతు పెట్టింది, చేత్తో చేసే చికిత్సలు వ్యాయామంతో కలిపి అయితేనే ఇవ్వండి, విడిగా వద్దు అని. నాకు ఆ షరతే ముఖ్యంగా అనిపిస్తుంది. మెటికలవీరుడు గారికి ఆ తేలికదనం ఎంతసేపు ఉంటుందో ఆయన్నే చెప్పమనండి.

మెటికలవీరుడు:

...రెండు మూడు రోజులు. సరే, ఒప్పుకున్నా.

ఫిజియోఅక్క:

😀 ఆ రెండు మూడు రోజులు తక్కువేం కాదు. నొప్పి తగ్గి కదలగలిగే ఆ వ్యవధిలో వ్యాయామం చేయించగలిగితే అది పెట్టుబడి, చేయించకపోతే మళ్ళీ అదే బల్ల ఎక్కడం.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తా. రెండూ ఒకదానికొకటి అడ్డం పడవు, ఎందుకంటే పనిచేసే చోట్లు వేరు. షాక్‌వేవ్ మొండికేసిన టెండన్ మీద, ఫేషియా మీద. మానిప్యులేషన్ బిగుసుకున్న కీలు మీద. కలిపి చేయడానికి అర్థం ఎప్పుడుంటుందంటే, ఆ బిగుసుకున్న కీలు వల్లే ఆ టెండన్ మీద అదనపు భారం పడుతున్నప్పుడు. మడమ నొప్పిలో ఇది తరచూ చూస్తాను. చీలమండ ముందుకి వంగకపోతే ప్రతి అడుగులోనూ ఆ లోటు అరికాలు భరిస్తుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. గోడకి ఎదురుగా బొటనవేలు గోడ నుంచి కాస్త దూరంగా పెట్టి నిలబడండి, మడమ నేల మీంచి లేవకుండా మోకాలిని గోడకి తాకించండి. తాకితే పాదాన్ని కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ పోండి. మడమ లేచిపోయే ముందు బొటనవేలికి గోడకి మధ్య ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో కొలవండి, రెండు కాళ్ళకీ. పది సెంటీమీటర్లకి అటూ ఇటూ వస్తే బాగానే ఉన్నట్టు. అంకె కంటే రెండు కాళ్ళ మధ్య తేడా ముఖ్యం.

పరుగులపిచ్చి:

ఇప్పుడే కొలిచాను అక్కా. ఎడమకాలు పదకొండు, కుడికాలు ఆరు దగ్గరే మడమ లేచిపోతోంది! ఆ క్లినిక్‌లో అసలు చీలమండ ముట్టుకోలేదు. నడుము ఒక్కటే చూశారు.

ఫిజియోఅక్క:

అదీ సంగతి. మీ ప్యాకేజీలో చేతి పని నడుముకి రాశారు, చేయాల్సింది ముందు చీలమండకి, పిక్కకి. నడుము చాలావరకు కుంటి నడక వల్ల వచ్చిందైతే నడక బాగుపడితే అదీ సర్దుకోవచ్చు. వద్దని కాదు, వరస అది.

భుజంబాధితుడు:

నాది భుజం కథ. టెండన్‌లో కాల్షియం పేరుకుంది, ఎక్స్‌రేలో సుద్దముక్కలా తెల్లగా కనిపించేది, రాత్రి ఆ పక్కకి తిరిగితే నిద్ర ఉండేది కాదు. ఫోకస్డ్ షాక్‌వేవ్, అంటే లోతున ఒకే చోటికి గురిపెట్టేది, చేశారు. అల్ట్రాసౌండ్‌తో గడ్డ ఎక్కడుందో చూసి, పెన్నుతో గుర్తు పెట్టి, చల్లటి జెల్ రాసి మొదలుపెట్టారు. మొదటి వంద దెబ్బలు పళ్ళు బిగపట్టాను. టక్ టక్ టక్ అని ఒకే లయలో లోపల ఎముక మీద ఎవరో కొడుతున్నట్టే. ఆయన మధ్యమధ్యలో "ఇక్కడేనా? రాత్రి వచ్చే నొప్పి ఇదేనా?" అని అడుగుతూ మిషన్ తల కొంచెం జరిపేవారు. సగం అయ్యేసరికి ఆ చోటు మొద్దుబారింది. భరించలేకపోతున్నా, మత్తు ఇంజెక్షన్ ఇవ్వండి అంటే ఇవ్వనన్నారు. అప్పుడు కోపమొచ్చింది.

ఫిజియోఅక్క:

మంచి డాక్టరు. మడమ నొప్పి మీద 2005లో ఒక పరిశోధనలో మత్తు ఇచ్చి చేసినవాళ్ళకంటే ఇవ్వకుండా చేసినవాళ్ళకే ఫలితం బాగా వచ్చింది. పైగా మీరు నొప్పి ఎక్కడో చెప్పగలిగితేనే గురి కుదురుతుంది. అలాగని కేకలు పెట్టేంత పెంచక్కర్లేదు, పదికి ఐదారు మించకుండా భరించగలిగేంతే.

గోడమీదపిల్లి:

భుజం గురించి ఇంకో మాట. కాల్షియం పేరుకున్న భుజానికి షాక్‌వేవ్ ఉత్తుత్తి చికిత్స కంటే మెరుగని 2003లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది, తక్కువ శక్తి కంటే ఎక్కువ శక్తితో బాగా పనిచేసిందని కూడా. కానీ 2020లో కొక్రేన్ వాళ్ళు (వైద్య పరిశోధనలన్నీ కలిపి సమీక్షించే సంస్థ) రొటేటర్ కఫ్ (భుజం చుట్టూ ఉండే టెండన్లు) పరిశోధనలన్నీ కాల్షియం ఉన్నవీ లేనివీ కలిపి చూసి, రోగికి తెలిసేంత లాభం పెద్దగా లేదన్నారు. కాబట్టి భుజం నొప్పి అనగానే మిషన్ పెట్టేయడం సరికాదు, ఏ భుజం నొప్పి అనేది ముందు తేలాలి.

ట్రైసైకిలిస్ట్:

అసలు షాక్‌వేవ్ అని పెట్టేవి రెండు రకాలు, ఆ తేడా చెప్పకుండా చర్చ ఏంటి? రేడియల్ మిషన్‌లో గొట్టం లోపల చిన్న లోహపు ముక్కని గాలి ఒత్తిడితో వేగంగా తోసి ముందున్న తలకి గుద్దిస్తారు. ఆ దెబ్బ చర్మం దగ్గర ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ చెదిరిపోతుంది. లెక్క బార్లలో (ఒత్తిడి కొలత). ఫోకస్డ్‌లో తరంగాన్ని లోతున ఒక చోటికి కూడదీస్తారు, లెక్క చదరపు మిల్లీమీటరుకి మిల్లీజౌల్స్‌లో. భౌతికశాస్త్రం ప్రకారం రేడియల్ అసలు షాక్‌వేవే కాదు, ఒత్తిడి తరంగం. చాలా క్లినిక్‌ల్లో ఉండేది రేడియలే.

ఫిజియోఅక్క:

నిజం. కానీ రేడియల్ అంటే నకిలీ అని ఎవరూ అనుకోవద్దు. మడమ, అకిలీస్ (మడమ వెనకున్న టెండన్) లాంటివి చర్మానికి దగ్గరగానే ఉంటాయి, వాటికి రేడియల్‌తో చేసిన మంచి పరిశోధనలే ఉన్నాయి. తుంటి లోపల, భుజంలో లోతుగా ఉన్న గడ్డ అంటే ఫోకస్డ్ మేలు. పరుగులపిచ్చి గారూ, మీ క్లినిక్‌లో ఏదుందో అడగండి, మీకు ఏదైనా పరవాలేదు, కానీ ఆ ప్రశ్నకి వాళ్ళు ఎలా జవాబిస్తారో చూస్తే వాళ్ళ సంగతి తెలుస్తుంది.

అమ్మకోసం:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మకి అరవై దాటాయి, మోకాలు, మడమ నొప్పులు, గుండె కోసం రక్తం పలచబడే మందు వాడుతోంది, ఎముకలు బలహీనంగా ఉన్నాయని కూడా చెప్పారు. ఆమెకి ఈ రెండూ చేయించవచ్చా?

ఫిజియోఅక్క:

మీ అమ్మగారి విషయంలో రెండింటికీ తొందరపడకండి. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళకి షాక్‌వేవ్ తగిలిన చోట లోపల రక్తం చిమ్మే ప్రమాదం ఉంది. మందు మీ అంతట మీరు ఆపేసి తీసుకెళ్ళే పని అస్సలు చేయొద్దు, గుండె డాక్టరుని అడగాలి. ఎముకలు బోలుగా ఉన్నవాళ్ళకి గట్టిగా, చటుక్కున తిప్పే మానిప్యులేషన్ చేయరు, మెల్లగా కదిలించే పద్ధతులు వేరే ఉన్నాయి. గర్భిణులకి, ఆ చోట కణితి లేదా ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్ళకి, ఎదిగే పిల్లల ఎముక చివర్ల దగ్గర షాక్‌వేవ్ పెట్టరు, ఊపిరితిత్తుల మీదుగా కూడా. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. ఇవి అడగకుండా జెల్ రాసేస్తే లేచి వచ్చేయండి.

మెటికలవీరుడు:

మెడ కూడా చేయించుకుంటాను నేను. దానికేమైనా...?

ఫిజియోఅక్క:

మెడ దగ్గర నేను కొంచెం పిరికిదాన్నే. మెడని వేగంగా తిప్పినప్పుడు మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమని గోడ చీలిన సందర్భాలు ఉన్నాయి. చాలా అరుదు, పైగా కొందరికి ఆ చీలిక వల్ల వచ్చిన మెడ నొప్పితోనే కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్ళి ఉంటారని కూడా అంటారు. ఏది ముందు అన్న వాదన పక్కన పెడితే, ఎన్నడూ లేని కొత్త రకం మెడ నొప్పి, తలనొప్పి ఉన్నట్టుండి వచ్చినా, రెండుగా కనిపించినా, మాట ముద్దగా వచ్చినా, తూలుతున్నా అది ఆసుపత్రికి పోవాల్సిన విషయం. నడుములో అయితే రెండు కాళ్ళూ బలహీనపడటం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పోవడం. ఇవి ఉంటే చేతి చికిత్స మాటే వద్దు, అదే రోజు డాక్టరు.

ట్రైసైకిలిస్ట్:

నాకు అకిలీస్ నొప్పి ఉండేది. నన్ను బాగుచేసింది షాక్‌వేవా, మెట్టు మీద మడమ దించే వ్యాయామమా అంటే ఇప్పటికీ చెప్పలేను, రెండూ చేశాను కాబట్టి.

గోడమీదపిల్లి:

దానికి జవాబు ఉంది! అకిలీస్ మధ్యభాగం నొప్పి ఉన్న 68 మందిని రెండు జట్లు చేసి 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక జట్టుకి మడమ దించే వ్యాయామం మాత్రమే, ఇంకో జట్టుకి దానితో పాటు షాక్‌వేవ్. నాలుగు నెలలకి పూర్తిగా తగ్గింది లేదా చాలా మెరుగైంది అన్నవాళ్ళు మొదటి జట్టులో 56 శాతం, రెండో జట్టులో 82 శాతం. కలిపితే లాభం అని ఎవరైనా నాకు చూపించాలంటే ఇలా చూపించాలి. కానీ గమనించండి, అక్కడ షాక్‌వేవ్‌తో కలిపింది వ్యాయామాన్ని, కైరోప్రాక్టిక్‌ని కాదు. ప్యాకేజీలు అమ్మేవాళ్ళు ఈ ఫలితాన్నే చూపించి ఇంకో జంటని అమ్ముతారు.

ఫిజియోఅక్క:

ఈ ఒక్క విషయంలో నేను పిల్లిగారితో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తా. షాక్‌వేవ్ అయినా, కీలు వదులు చేయడం అయినా కణజాలానికి బరువు మోసే శక్తిని ఇవ్వవు. అది బరువు మోస్తేనే వస్తుంది. మడమకి నేను ఎక్కువగా చెప్పేది ఇది: మెట్టు అంచున నిలబడి, కాలి వేళ్ళ కింద చుట్టిన టవల్ పెట్టి వేళ్ళు పైకి వంగేలా చూసుకుని, నొప్పి ఉన్న కాలి మీద మడమని మూడు సెకన్లు ఎత్తి, రెండు సెకన్లు ఆపి, మూడు సెకన్లు దించాలి. రోజు విడిచి రోజు. మొదట్లో 12 సార్లకే పిక్క వణకాలి, తేలికైపోతే వీపున సంచిలో బరువు పెట్టుకోవాలి. డెన్మార్క్‌లో ఈ పద్ధతిని అరికాలు సాగదీసే వ్యాయామంతో పోల్చి చూస్తే మూడు నెలలకి ఇదే మెరుగ్గా తేలింది.

పరుగులపిచ్చి:

ఆ క్లినిక్‌కి మళ్ళీ వెళ్ళాను. మిషన్ రేడియల్ అట, అది వెంటనే చెప్పారు. చీలమండ ఎందుకు చూడలేదంటే కైరోప్రాక్టర్ గారు కొంచెం ఇబ్బంది పడ్డారు గానీ కూర్చోబెట్టి శ్రద్ధగా చూశారు, బిగుసుకుందని ఒప్పుకున్నారు. ఆయన చదువు గురించి కూడా అడిగాను, పూర్తి కోర్సు చేసినాయనే, వారాంతపు శిక్షణ కాదు. ప్యాకేజీ వద్దు, సిట్టింగుకి సిట్టింగు కడతానంటే కౌంటర్లో ఉన్న అమ్మాయి మేనేజర్‌ని పిలిచింది, ఆయన కాసేపు నసిగి ఒప్పుకున్నాడు. ఇప్పుడు సందేహాలు: ఒకే రోజు రెండూ చేయించుకోవచ్చా? నొప్పి మాత్ర వేసుకోవచ్చా? పరుగు మొత్తం ఆపాలా?

ఫిజియోఅక్క:

నసగడం ఎక్కడైనా ఉండేదే, ఒప్పుకున్నారుగా.

ఒకే రోజు పరవాలేదు. నేనైతే ముందు చీలమండ వదులు చేయించి, చివర్లో షాక్‌వేవ్ పెట్టమంటాను, ఎందుకంటే దెబ్బలు తిన్న మడమని ఆ తర్వాత ఎవరూ గట్టిగా నొక్కకుండా ఉంటే మంచిది. ఒకటి రెండు రోజులు ఎర్రగా, నొక్కితే నొప్పిగా ఉంటుంది, ఒక్కోసారి కమిలినట్టు మచ్చ కూడా పడుతుంది. దానికి భయపడకండి. వాపు తగ్గించే నొప్పి మాత్రలు, ఐబూప్రోఫెన్ లాంటివి, చికిత్స నడిచే వారాల్లో వద్దనే ఎక్కువమంది చెప్తారు, మనం రేపాలనుకున్న మానే ప్రక్రియని అవి అణచేస్తాయేమోనని. మరీ భరించలేకపోతే పారాసిటమాల్ సరిపోతుందేమో మీ డాక్టరుని అడగండి. ఈ మధ్య ఆ మడమలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుని ఉంటే అది ముందే చెప్పాలి, కొన్ని వారాలు ఆగమంటారు.

పరుగు మొత్తం ఆపక్కర్లేదు. సిట్టింగు తర్వాత రెండు రోజులు ఎగరడం, పరిగెత్తడం వద్దు, నడక ఓకే. ఆ తర్వాత చదునైన చోట మెల్లగా, తక్కువ దూరం. పరిగెడుతున్నప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున ఆ మొదటి అడుగు ముందు రోజుకంటే ఎక్కువ నొప్పి పెట్టకూడదు. పెడితే నిన్నటి దూరం ఎక్కువైనట్టు, తగ్గించుకోండి. టవల్ వ్యాయామం మాత్రం సిట్టింగు ఉన్న రోజు వదిలేసి మిగతా రోజుల్లో సాగించండి.

ట్రైసైకిలిస్ట్:

ఇంట్లో చెప్పుల్లేకుండా గచ్చు మీద తిరగకండి, అది కూడా చెప్పండక్కా. నాకు ఎవరూ చెప్పలేదు.

ఫిజియోఅక్క:

అవును, కనీసం నొప్పి తగ్గేదాకా ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు. మంచం పక్కనే పెట్టుకోండి.

మోచేయి_మొర:

మోచేతికి కూడా ఇదే చెప్తున్నారు నాకు, టెన్నిస్ ఎల్బో (మోచేయి బయటివైపు నొప్పి), షాక్‌వేవ్ ప్లస్ మెడకి కైరో. నేనెప్పుడూ రాకెట్ పట్టుకోలేదు, మౌస్ పట్టుకుంటాను అంతే. చేయించుకోనా?

గోడమీదపిల్లి:

మోచేతికి షాక్‌వేవ్ ఫలితాలు మడమంత నిలకడగా లేవు, 2005లో కొక్రేన్ సమీక్ష లాభం లేదు లేదా బహు స్వల్పం అంది. మెడలో నొప్పి గానీ చేతిలో తిమ్మిరి గానీ ఉన్నాయా మీకు?

మోచేయి_మొర:

లేవు. మెడ శుభ్రంగా ఉంది.

గోడమీదపిల్లి:

మరి మెడకి దేనికండీ!

ఫిజియోఅక్క:

ముందు మణికట్టుకి బరువులతో వ్యాయామం రెండు మూడు నెలలు గట్టిగా చేసి చూడండి, మౌస్‌ని దగ్గరగా, మోచేయి బల్ల మీద ఆనేలా పెట్టుకోండి. అప్పటికీ మొండికేస్తే అప్పుడు షాక్‌వేవ్ గురించి ఆలోచిద్దాం. కప్పు ఎత్తుతుంటే చెయ్యి జారిపోతోందా, నొప్పి ఒక్కటేనా?